స్టేజీ గడిలో ఏం రాశారు?

బ్రెస్ట్ క్యాన్సర్ స్టేజీ 2బి అని డాక్టరు నోటితో చెప్పినంత మాత్రాన కేస్ షీట్‌లో ఆ ముక్క ఉంటుందనేం లేదు. ‘గడ్డ 3 సెం.మీ., కదులుతోంది, చంకలో ఒక గ్రంథి తగులుతోంది’ అని రాసి వదిలేస్తారు చాలాసార్లు. చెన్నైలో ఇలాంటి కాగితాల కోసం ఆసుపత్రులూ ల్యాబులూ మరణాల రికార్డులూ గాలించేది అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లోని మద్రాస్ మెట్రోపాలిటన్ ట్యూమర్ రిజిస్ట్రీ, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) కార్యక్రమం కింద 1982 నుంచీ నగరంలో క్యాన్సర్ కేసుల లెక్క, ఒక్కో కేసుకి స్టేజీ గడి నింపడం వాళ్ల పనే. (నెల్లూరు నుంచొచ్చి అడయార్‌లో చూపించుకున్న మనవాళ్లు ఇందులోకి రారు, కనీసం ఏడాదిగా ఇక్కడ కాపురం ఉండాలి.) గడ్డ రెండు దాటి ఐదు సెంటీమీటర్ల లోపుంటే టీ2, చంకలో కదిలే గ్రంథి ఎన్1, వేరేచోటికి పాకిన జాడ లేకపోతే ఎం0, మూడూ కలిపితే (ఈ లెక్కనే టీఎన్ఎం అంటారు) 2బి అని ఆ కాగితం చూసి వాళ్లే తేల్చుకోవాలి.

అన్ని కాగితాలూ ఒకేచోట దొరకవు మరి. టీ నగర్‌లో స్థిరపడ్డ తెలుగావిడే అనుకోండి, ఒకచోట బయాప్సీ, ఇంకోచోట కీమో, మూడోచోట ఆపరేషన్, ఈలోపు కీమోకి గడ్డ కరిగి ఒక్క సెంటీమీటరైంది. చివరి పాథాలజీ రిపోర్టు ఒక్కటే చేతికొస్తే జబ్బు మొదట్నుంచీ చిన్నదే అన్నట్టు నమోదవుతుంది. ఆ రిపోర్టులో టీకి ముందు ‘వైపీ’ అని ఉంటుంది, చికిత్స తర్వాత కొలిచారని గుర్తు. అది కంటపడకపోతే అంతే సంగతులు. రెండేళ్లకు ఎముకలకు పాకితే ఇంట్లో ‘నాలుగో స్టేజీకి వచ్చేసింది’ అంటాం గానీ రిజిస్ట్రీలో మాత్రం జబ్బు మొదట బయటపడ్డప్పటి స్టేజే ఉండాలి.

నాకైతే తప్పుల కన్నా స్టేజీ రాయని ఖాళీ గడులతోనే ఎక్కువ టెన్షన్. స్కాన్లు అయ్యేలోపే పోయినవాళ్లవి, పెద్ద వయసు కదా ఈ పరీక్షలన్నీ ఎందుకులే అని ఇంటికి తీసుకెళ్లిపోయినవాళ్లవి అందులో ఉంటాయి. 100 మందిలో 30 గడులు ఖాళీ, మిగతా 70లో 35 తొలి దశ అనుకుందాం. సగం మందికి తొందరగానే తెలిసిందని రాసేస్తారు, కానీ ఆ 30 మందీ ముదిరిపోయి వచ్చినవాళ్లైతే అది 35 శాతమే, అందరూ తొలి దశ వాళ్లైతే 65! ఇలాంటి చోట్ల వాడమనే ‘ఎసెన్షియల్ టీఎన్ఎం’ అనే తేలికపాటి పద్ధతి వచ్చింది: దూరంగా పాకిందా, లేకపోతే చుట్టుపక్కల గ్రంథులకు పాకిందా, అదీ లేకపోతే గడ్డ ఎంతుంది, ఇంతే చూస్తారు. మొత్తం టీఎన్ఎం కావాలని కూర్చుని గడి ఖాళీగా వదిలేయడం కన్నా నా దృష్టిలో ఇదే నయం.

ఇక గడులన్నీ నిండి, రాసిందంతా కరెక్టే అయినా ఇంకో మెలిక ఉంది. 1985లో అమెరికా వైద్యుడు ఫైన్‌స్టైన్ బృందం దీనికి ఒక అమెరికన్ హాస్యనటుడి పేరు మీద ‘విల్ రోజర్స్ ఫినామినన్’ అని పేరు పెట్టింది. కొత్త స్కాన్లు వచ్చాక, ఇంతకుముందైతే మూడో స్టేజీలో పడేవాళ్లలో కొందరికి చిన్న పాకుడు కనబడి నాలుగులోకి వెళ్తారు. వాళ్లు అటు మారేసరికి మూడో స్టేజీలో మిగిలినవాళ్ల సగటు ఆయుష్షు మెరుగవుతుంది, పాత నాలుగో స్టేజీ వాళ్లకన్నా వీళ్ల జబ్బు తక్కువే కాబట్టి అక్కడా సగటు పెరుగుతుంది, ఒక్కరి ఆయుష్షూ పెరగకుండానే. స్టేజీ వారీగా బతికేవాళ్ల శాతం పెరిగిందని ఎవరైనా చూపిస్తే అన్ని స్టేజీలూ కలిపి ఎంత పెరిగిందో కూడా అడగండి, మనుషులు ఒక స్టేజీ నుంచి ఇంకో దానికి మారినంత మాత్రాన ఆ అంకె కదలదు.