ఐపీ అడ్రస్ మన ఇంటి గుమ్మం దాకా దారి చూపుతుందా?

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

పోయిన వారం ఫోన్‌లో మాట్లాడుతున్నప్పుడు మన చిన్నవాడు గొంతు బాగా తగ్గించి నన్నొక మాట అడిగాడు. ఆన్‌లైన్ ఆటలో ఓడిపోయిన ఎవరో కోపం పట్టలేక, చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యలు వాడికి పంపి, "ఇది నీ ఐపీ అడ్రస్, నీ ఇల్లు ఎక్కడో నాకు తెలిసిపోయింది" అని రాశాడట. ఆ రాత్రి వాడు కిటికీలన్నీ మూసుకుని పడుకున్నాడని మీ అమ్మ తరువాత చెప్పింది. ఫోన్‌లో రెండు ముక్కల్లో ధైర్యం చెప్పి ఊరుకోవడానికి నాకు మనసు ఒప్పలేదు. ఆ సంఖ్యలు ఎక్కడినుంచి వస్తాయో, వాటిని పట్టుకుని ఎవరు ఎంత దూరం రాగలరో మీకు పూర్తిగా తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా ఆ పేరే మనల్ని పొరబడేలా చేస్తుంది. ఇంటి అడ్రసులో తలుపు సంఖ్య, వీధి, ఊరు వరుసగా ఉంటాయి. ఐపీ అడ్రసులో అవేవీ ఉండవు. మీరు ఒక పేజీ కావాలని అడిగినప్పుడు ఆ సమాధానం ఏ కనెక్షన్‌కు తిరిగి రావాలో చెప్పడం వరకే దాని పని. 1981లో ఖరారైన ప్రమాణం ప్రకారం ఆ సంఖ్య 32 బిట్లది, అంటే 0 లేదా 1 అయ్యే 32 స్థానాలు కలిసినది. అంటే ప్రపంచం మొత్తానికి 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 సంఖ్యలు మాత్రమే వస్తాయి. వీటిని ఐఏఎన్ఏ అనే కేంద్ర వ్యవస్థ పెద్ద పెద్ద భాగాలుగా ఐదు ప్రాంతీయ సంస్థలకు అప్పగిస్తే, అవి ఇంటర్నెట్ కంపెనీలకు పంచుతాయి, ఆ కంపెనీలు తమ చందాదారులకు వాడుకోవడానికి ఇస్తాయి. ఫలానా సంఖ్యల వరుస ఫలానా కంపెనీదని రాసి ఉండే రిజిస్టరును ఎవరైనా చూడవచ్చు. అయితే అందులో కనిపించేది కంపెనీ పేరు, దాని కార్యాలయం ఉన్న చోటు. మీ పేరుగాని మీ వీధిగాని అందులో ఉండవు.

మరి కొన్ని వెబ్‌సైట్లు ఐపీ అడ్రస్ ఇవ్వగానే పటం మీద గుర్తు పెట్టి చూపిస్తాయి కదా అని మీరు అడగవచ్చు. అది ఊహ. బాగా కష్టపడి, ఎన్నో ఆధారాలు కూర్చి చేసిన ఊహే అయినా, ఊహే. ఇలాంటి జాబితాలు తయారుచేసి అమ్మే సంస్థలు రిజిస్టరు వివరాలను చూస్తాయి, ఏ వరుసను ఏ ఊళ్లో వాడుతున్నామో ఇంటర్నెట్ కంపెనీలే ప్రకటించిన చోట ఆ సమాచారాన్ని తీసుకుంటాయి, దారిలో డేటాను ముందుకు పంపే రూటర్లనే యంత్రాల పేర్లలో దాగి ఉన్న నగరాల సంకేతాలను ఏరుతాయి. సంకేతం వెళ్లి రావడానికి పట్టే సమయాన్ని కూడా కొలుస్తారు. ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ఇందులో భౌతిక శాస్త్రం అబద్ధమాడదు. ఇంటర్నెట్ సంకేతాలను మోసే గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే సెకనులో వెయ్యోవంతు కాలంలో, అదే ఒక మిల్లీసెకనులో, 200 కిలోమీటర్లు. వెళ్లి రావాలి కాబట్టి అందులో సగం, 100 కిలోమీటర్లు. ఒక సర్వర్ పంపిన పలకరింపుకు 5 మిల్లీసెకన్లలో జవాబు వచ్చిందంటే, జవాబిచ్చిన యంత్రం 500 కిలోమీటర్లకు అవతల ఉండే అవకాశమే లేదు. కానీ ఎంత ఇవతల ఉందో ఈ లెక్క చెప్పదు. తీగలు నేరుగా సాగవు, రూటర్ల దగ్గర సంకేతం ఆగి ఆగి పోతుంది. అందుచేత ఈ కొలత పటం మీద ఒక పెద్ద వలయాన్ని గీసి, దీని లోపల ఎక్కడో ఉందని మాత్రమే అనగలదు.

ఇదంతా రాసే ముందు నిన్న రాత్రి నా ఫోన్‌ను బల్ల మీద పెట్టి స్వయంగా పరీక్షించాను. ఇంటి వైఫైలో ఉండగా మూడు వెబ్‌సైట్లను అడిగితే, ఒకటి మా ఊరినే చూపింది, రెండోది పక్క జిల్లా పట్టణాన్ని చూపింది, మూడోది నేనెన్నడూ అడుగు పెట్టని ఊరిని చూపింది. తరువాత వైఫై ఆపి మొబైల్ డేటాకు మారాను. ఫోన్ బల్ల మీదనుంచి అంగుళమైనా కదలకపోయినా, మూడు గుర్తులూ ఒక్కసారిగా వందల కిలోమీటర్ల దూరంలోని మహానగరానికి ఎగిరిపోయాయి. మొబైల్ కంపెనీ తన చందాదారుల రాకపోకలను అక్కడ ఉన్న పెద్ద ద్వారం గుండా ఇంటర్నెట్‌లోకి వదులుతుంది కాబట్టి, బయటివారికి కనిపించేది ఆ ద్వారమే. ఇందులో నన్ను ఎక్కువగా కలవరపెట్టిన విషయం ఇంకొకటి ఉంది. మూడో వెబ్‌సైట్ అక్షాంశాన్ని దశాంశ బిందువు తరువాత నాలుగు అంకెల వరకు ఇచ్చింది. అక్షాంశంలో నాలుగో దశాంశ స్థానమంటే నేల మీద దాదాపు 11 మీటర్లు. ఊరినే తప్పుగా చెప్పిన యంత్రం, గదిని కూడా ఎరిగినట్టుగా అంకెలు పేర్చింది! మనిషి అంత నమ్మకంగా చెబితే మనం అనుమానిస్తాం. తెర మీద అంకెలు కనిపిస్తే తల ఊపేస్తాం. ఆ గుర్తు చుట్టూ యాభై కిలోమీటర్ల వలయమో, వంద కిలోమీటర్ల వలయమో గీసి చూపి ఉంటే ఎవరూ మోసపోయేవారు కాదు. దేశం వరకు ఈ ఊహలు సాధారణంగా నిలుస్తాయి, ఊరి దగ్గరికి వచ్చేసరికి తడబడతాయి, వీధి వాటికి అందదు.

ఆ గుర్తును నమ్మడం వల్ల ఎంత అన్యాయం జరిగిందో 2016లో అమెరికాలో వెలుగులోకి వచ్చింది. ఇలాంటి జాబితాలు చేసే ఒక సంస్థ, దేశం అమెరికా అని మాత్రమే తెలిసి అంతకు మించి ఏమీ తెలియని అడ్రసులకు ఏదో ఒక గుర్తు పెట్టాలి కాబట్టి, ఆ దేశం నడిబొడ్డును ఎంచుకుని, అంకెలు సులువుగా ఉండాలని వాటిని పూర్ణ సంఖ్యలకు సవరించింది. ఆ గుర్తు కాన్సాస్ రాష్ట్రంలో ఒక కుటుంబం ఉంటున్న పొలం దగ్గర పడింది. కాలక్రమంలో 60 కోట్లకు పైగా ఐపీ అడ్రసులు అక్కడివేనని ఆ జాబితా చెబుతూ వచ్చింది. ఎక్కడో ఎవరో మోసం చేస్తే ఆ ఇంటికి పోలీసులు వచ్చారు, పన్ను అధికారులు వచ్చారు, తప్పిపోయిన పిల్లలను వెతుక్కుంటూ వచ్చినవారు ఉన్నారు, ఆత్మహత్యకు సిద్ధపడినవారిని కాపాడాలని అంబులెన్సులు వచ్చాయి. ఆ ఇంటివారికి ఏళ్ల తరబడి కారణమే తెలియలేదు. సంగతి బయటపడ్డాక ఆ సంస్థ గుర్తును ఒక జలాశయం మధ్యకు జరిపింది. పిల్లలూ, ఈ సంఘటనను నేను తలచుకున్న ప్రతిసారీ ఆ అంబులెన్సుల దగ్గరే ఆగిపోతాను. అవి ఆ పొలం దగ్గర తిరుగుతున్న సమయంలో, నిజంగా సాయం కావలసిన మనిషి ఇంకెక్కడో ఉన్నాడు.

ఇక మన చిన్నవాడికి వచ్చిన సంఖ్య సంగతి. మీ అమ్మ పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. అది 192.168తో మొదలైంది. అలా మొదలయ్యే సంఖ్యలు ఇళ్లలోని, కార్యాలయాల్లోని లోపలి నెట్‌వర్కుల కోసం విడిగా ఉంచినవి; ప్రపంచంలో ఎన్నో ఇళ్ల రూటర్లు వాటినే మళ్లీ మళ్లీ వాడుకుంటాయి. అది ఇంటర్నెట్‌లో మీ ఇంటిని గుర్తించేదే కాదు. నా బల్ల మీదున్న ఫోన్‌కు కూడా అలాంటిదే ఉంది.

ఒకవేళ అతనికి మీ అసలు సంఖ్యే దొరికినా, అది మీ ఒక్క ఇంటిదే అయి ఉండనవసరం లేదు. పంచడానికి ఐఏఎన్ఏ దగ్గరున్న అడ్రసుల నిల్వ 2011 ఫిబ్రవరి 3న అయిపోయింది. అప్పటినుంచి చాలా కంపెనీలు ఒకే బయటి సంఖ్య వెనుక ఎన్నో ఇళ్లను ఉంచుతున్నాయి. పైగా ఆ సంఖ్య రేపు వేరొకరికి వెళ్లవచ్చు. కొత్తగా వచ్చిన 128 బిట్ల అడ్రసులకు ఈ కొరత లేదు గాని, వాటితో మరో జాగ్రత్త అవసరం. తొలినాళ్ల పద్ధతిలో పరికరం గుర్తింపు సంఖ్య ఆ అడ్రసులోనే కలిసిపోయేది. ఆ పద్ధతినే పాటించే రూటర్లను, వైఫై పెట్టెల స్థానాలు నమోదైన జాబితాలతో సరిపోల్చి చాలా దగ్గరగా కనిపెట్టవచ్చని పరిశోధకులు చూపించారు. అందుకే రూటర్ సాఫ్ట్‌వేర్‌ను అప్‌డేట్ చేయమని మీ నాన్నకు విడిగా చెప్పాను.

నిజంగా ఇల్లు తెలిసినది ఒక్కరికే, మీ ఇంటర్నెట్ కంపెనీకి. ఏ రోజు ఏ గంటకు ఏ సంఖ్య ఎవరికి ఇచ్చిందో దాని లాగ్‌లలో ఉంటుంది. పోలీసులు చట్టప్రకారం అడిగితే, సంఖ్యతో పాటు సరైన సమయం కూడా ఇస్తేనే, అది చందాదారుడి పేరు చెప్పగలదు. ఇలా రెండు సమాచారాలు కలిసే వీలుంది కాబట్టే, మారుతూ ఉండే ఐపీ అడ్రస్ కూడా వ్యక్తిగత సమాచారం కావచ్చని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2016 అక్టోబరు 19న తీర్పు చెప్పింది. ఆటలో ఓడిపోయిన కుర్రవాడు అడిగితే కంపెనీ ఆ పేరు ఇవ్వకూడదు. మీ సంఖ్య తెలిస్తే అతను చేయగలిగిన చెడు ఇంకొకటి ఉంది: అవసరం లేని డేటాను వరదలా పంపి మీ కనెక్షన్‌ను స్తంభింపజేయడం. అది నేరం, చిరాకు కూడా, కానీ అందుకోసం ఎవరూ మీ వీధికి రానక్కరలేదు.

మీ చోటు బయటపడే దారులు వేరే ఉన్నాయి. "లొకేషన్ అనుమతించాలా" అని ఫోన్ అడిగినప్పుడు మీరు సరేనంటే, జీపీఎస్ మిమ్మల్ని కొన్ని మీటర్ల తేడాతో చూపిస్తుంది. ఫోన్‌తో తీసిన ఫొటోలో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా నమోదై ఉండవచ్చు. ఆట మధ్యలో కబుర్లు చెబుతూ బడి పేరు, బస్సు ఎక్కే చోటు చెప్పేసేది మనమే. ఈ మూడింటిలో ఏదైనా ఆ కుర్రవాడికి ఇచ్చారేమో చిన్నవాడిని కూర్చోబెట్టి, కోప్పడకుండా, నెమ్మదిగా అడగండి. ఆ మెసేజ్‌ను చెరపవద్దు. అతన్ని బ్లాక్ చేసి, ఆట నిర్వాహకులకు ఫిర్యాదు పంపేటప్పుడు ఆ స్క్రీన్‌షాట్‌ను జత చేయండి. ఈ రాత్రి వాడి గది కిటికీ తెరిచి ఉంచమన్నానని కూడా చెప్పండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య