అన్నకు పెరుగన్నం, చెల్లెలికి అంబలి

తిరుపతి

చిరంజీవులైన మనవడికి, మనవరాలికి తాత ఆశీస్సులు.

మొన్న వేసవిలో మీరు సెలవులకు వచ్చినప్పుడు తాతయ్యగుంట గంగమ్మ జాతర జరుగుతున్నది. ఒంటికి సుద్దా, కుంకుమా, బొగ్గుపొడీ పూసుకుని రకరకాల వేషాలతో వీధుల్లో తిరుగుతున్న జనాన్ని మీరు కళ్లప్పగించి చూశారు. గుడి దగ్గర ఒకవైపు పొంగళ్లు పొంగుతుంటే, మరొకవైపు కోళ్లను చంకన పెట్టుకుని నిలబడ్డ వరుసను చూపించి చిన్నది నన్ను ఒక ప్రశ్న అడిగింది: "తాతా, కొండమీద స్వామి ఉల్లిపాయ కూడా ముట్టడు, ఆయన చెల్లెలేమో కోడి తింటుంది. ఒకే ఇంటివాళ్లకు రెండు వంటలేమి?" మీ అమ్మ నవ్వి ఊరుకున్నది. నేను కూడా ఆ ఎండలో ఏదో చెప్పి తప్పించుకున్నాను. నలభై ఏళ్లు బడిలో పాఠం చెప్పినవాడు అలా తప్పించుకోకూడదు కాబట్టి, ఇప్పుడు నిదానంగా రాస్తున్నాను.

ముందు చెల్లెలి సంగతి చూద్దాం. గంగమ్మను కొండమీది వేంకటేశ్వరుడికి చెల్లెలంటారు, ఆమె తిరుపతికి గ్రామదేవత. గ్రామదేవత ఆ ఊరి మనిషి తినేదే తింటుంది, ఆ ఊరి మనిషికి ఉన్న భయాలనే కనిపెట్టుకుని ఉంటుంది. మనది వాన మీద ఆధారపడిన మెట్టనేల. వరి అన్నం పండుగనాటి మాటగా ఉండి, మిగతా రోజుల్లో రాగిసంగటితో కడుపు నింపుకున్న ఇళ్లు నా చిన్నతనంలో ఎన్నో. అందుకే జాతరలో అమ్మవారికి పెట్టేవాటిలో రాగి అంబలికి అంత గౌరవం. మా అవ్వ ముందురోజు రాత్రి రాగిపిండిని నీళ్లలో కలిపి పులియబెట్టేది. తెల్లవారి నూకలు ఉడుకుతున్న కుండలో దాన్ని సన్నని ధారగా పోస్తూ, ఉండ కట్టకుండా తెడ్డుతో కలియబెట్టేది. చల్లారిన తరువాత మజ్జిగ, ఉప్పు చేర్చి, అమ్మవారికి చూపించి, వాకిట్లో కుండ పెట్టుకుని దారినపోయే వారందరికీ చెంబులతో పోసేది.

జాతర మండుటెండల్లో రావడానికీ, అంబలికీ సంబంధం ఉన్నది. మశూచి, ఆటలమ్మ వంటివి విజృంభించేది ఆ కాలంలోనే. జబ్బు వస్తే "అమ్మ పోసింది" అనేవారు. ఆ ఇంట్లో తాళింపు వేసేవారు కాదు, నూనె మూకుడు పొయ్యిమీద పెట్టేవారు కాదు, మాంసం ఊసే ఉండదు. సద్దన్నం, మజ్జిగ, వేపాకు మాత్రమే. ప్రతి ఆచారం వెనుకా పెద్దలు దాచిపెట్టిన సైన్సు ఉందని చెప్పేవారి మాట నాకు అంతగా రుచించదు. అంబలి మశూచిని తగ్గించలేదు, టీకా తగ్గించింది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి నిర్మూలమైందని ప్రకటించింది. అయితే జబ్బు పోయినా దాని భయం నుంచి పుట్టిన అంబలి పోలేదు. మే నెల వస్తే ఇప్పటికీ కుండ వాకిట్లోకి వస్తుంది.

ఇక అన్న సంగతి. కొండమీద పూజ వైఖానస ఆగమం అనే పూజాపద్ధతి ప్రకారం జరుగుతుంది, అక్కడ మాంసానికి, ఉల్లికి, వెల్లుల్లికి చోటు లేదు. పెట్టే వరుసలో కూడా ఒక మర్యాద ఉన్నది. స్వామికి కొండమీద చోటిచ్చినవాడు వరాహస్వామి కాబట్టి, మొదటి నైవేద్యం ఆయనకు అందిన తరువాతనే శ్రీనివాసుడికి. స్థలం ఇచ్చిన ఇంటాయనకు తొలిముద్ద పెట్టడం మన పల్లెల్లో కౌలుదారులకు కూడా తెలిసిన పద్ధతే. లడ్డూ, వడ, పులిహోర, చక్కెర పొంగలి అంటూ ఎన్ని వండినా, అవన్నీ కులశేఖర పడి అనే గడప ఇవతలనే ఆగిపోతాయనీ, ఆ గడప దాటి స్వామి సన్నిధికి చేరేది సగానికి పగిలిన మట్టికుండలోని పెరుగన్నం ఒక్కటేననీ సంప్రదాయం చెబుతుంది. దీనికి కుమ్మరి భీముడి కథను కారణంగా చూపుతారు. గుడికి వెళ్లే తీరిక లేక, కుండలు చేస్తూ చేతికి అంటిన మట్టితోనే పూలు చేసి సమర్పించిన ఆ పేదవాడి పూలు, తొండమాన్ చక్రవర్తి బంగారు పూలను పక్కకు నెట్టి స్వామి పాదాల దగ్గర నిలిచాయట.

ఇప్పుడు మన చిన్నదాని ప్రశ్న దగ్గరికి మళ్లీ రండి. అన్నకూ చెల్లెలికీ వంటలు వేరన్నమాట నిజమే కాని, ఆ ఇద్దరి దగ్గరికీ అన్నిటికన్నా చేరువగా వెళ్లేది ఏమిటి? ఒకరికి పగిలిన కుండలో పెరుగన్నం, ఇంకొకరికి మట్టికుండలో అంబలి. రెండూ మధ్యాహ్నం పొలం గట్టున కూలిమనిషి మూట విప్పితే కనిపించేవే. నమ్మకం మన తిండిని పైనుంచి శాసిస్తుందని అందరూ అంటారు. నేను చూసినంతలో, ముందు మన పొయ్యిమీదిదే దేవుడి దగ్గరికి వెళ్లింది. ఆ తరువాత దేవుడి వంట మన పొయ్యిని దిద్దడం మొదలుపెట్టింది.

దిద్దడమంటే ఎలాగో చెబుతాను. నైవేద్యాన్ని వండేవారు రుచి చూడకూడదు, వాసన పీల్చి సంతోషించడం కూడా తప్పే. నాలుక సాయం లేకుండా వంట కుదరాలంటే కొలత కావాలి. తిరుమలలో వంటశాలను పోటు అంటారు, సరుకుల కొలతను దిట్టం అంటారు. లడ్డూ దిట్టం 5,100 లడ్డూల లెక్కన ఉంటుంది: శనగపిండి 180 కిలోలు, చక్కెర 400, ఆవునెయ్యి 165, జీడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, ఏలకులు 4, మొత్తం 803 కిలోలు. లడ్డూకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తరం మారినా, చేసే చేయి మారినా ఆ రుచి నిలబడడానికి మూలం రుచి చూడకూడదన్న నియమమేనని నాకు అనిపిస్తుంది. 2024లో ఆ నెయ్యి నాణ్యత మీద వివాదం రేగినప్పుడు దేశమంతా ఎలా కదిలిపోయిందో మీరూ చూశారు. తప్పొప్పులు తేల్చడం నా పని కాదు కాని, అంగట్లో మిఠాయి నెయ్యి గురించి ఎవరూ అంత బాధపడరు.

మా అవ్వకు దిట్టమన్న మాట తెలియదు. తమిళుల పెరటాసి నెలలో శనివారం పొంగలి వండేటప్పుడు ఉప్పును అరచేతి గుంటలో పోసుకుని, దీపం వెలుగులో ఒకసారి చూసి, రెండు రాళ్లు తీసి మళ్లీ డబ్బాలో వేసేది. ఆ రెండు రాళ్లే ఆమె దిట్టం. ఒక ఏడు చేయి తప్పి పొంగలి కషాయమంత ఉప్పగా తయారైతే, మేమందరం "స్వామికి లేని బాధ మనకెందుకు" అనుకుంటూ నీళ్లు తాగి తిన్నాము.

నైవేద్యం నేలను కూడా మార్చిందంటే మీకు వింతగా ఉండవచ్చు. తిరుమల ఆలయం గోడల మీది శాసనాలను దేవస్థానం 1930లలో సంపుటాలుగా అచ్చువేసింది. వాటిలో ఎక్కువ భాగం తమిళంలో ఉన్నాయి. విజయనగర కాలపు శాసనాలను చదివితే అవి రాజుల గొప్పలకన్నా వంటింటి పద్దుల్లాగా కనిపిస్తాయి: ఇంత బియ్యం, ఇంత నెయ్యి, ఇంత పెసరపప్పు, ఇన్ని మిరియాలు, ఇన్ని తమలపాకులు. భక్తుడు ఇచ్చిన సొమ్మును గుడివారు పెట్టెలో పెట్టి ఊరుకునేవారు కాదు. దేవుడి మాన్యం ఊళ్లలో చెరువులకు, కాలువలకు దాన్ని ఖర్చుపెట్టి, నీళ్లు వచ్చినందువల్ల అదనంగా పండిన ధాన్యంతో ఆ భక్తుడి పేరిట నిత్యం నైవేద్యం పెట్టేవారు. ఆ ప్రసాదంలో దాతకు నాలుగోవంతు హక్కు ఉండేది. కొందరు దాతలు తమ వంతును యాత్రికులకు అన్నం పెట్టే రామానుజకూటాలకు రాసిచ్చారు. ఒక పిడికెడు దద్ధోజనం వెనుక ఒక కాలువ ఉన్నదన్నమాట.

దేవుడి వంటకు ఇంకొక గుణం ఉన్నది: అది తొందరగా మారదు. మనం నోరు మండేలా తినే మిరపకాయ, పోర్చుగీసువారు వచ్చిన తరువాత అమెరికా ఖండం నుంచి ఈ దేశానికి చేరింది. అంతకు ముందు కారమంటే మిరియమే. మన పక్కింటి తమిళంలో మిరియం మిళగు, మిరపకాయ మిళగాయ్. కొత్తదానికి పాతదాని పేరే అతికించారు. టమాటా, బంగాళాదుంప, మన ఊరిమిండి పచ్చడిలోని చెనిగ్గింజ, అదే వేరుశనగ, కూడా అక్కడివే. మన వంటింట్లో ఇవి రాజ్యమేలుతున్నా, కట్టెపొంగలిలో మిరియమే పలుకుతుంది, ధనుర్మాసంలో మిరియాల అన్నం పెడతారు. చంద్రగిరిలో నా మిత్రుడొకరు ఉండేవారు. వాళ్ల ఇంట్లో తద్దినం నాడు మిరపకాయ, టమాటా, బంగాళాదుంప గడప దాటేవి కావు. అరటికాయ, కంద, చేమ, కాకర, మిరియాలు, అల్లం, అంతే. ఐదు వందల ఏళ్ల కిందటి వంట ఎలా ఉండేదో తెలియాలంటే ఆ విస్తరి చూస్తే చాలు. మా ఇళ్లలో పెద్దలకు పెట్టేది సంక్రాంతికి, అక్కడ లెక్క పూర్తిగా వేరు. పోయినవారికి ఏది ఇష్టమైతే అది పెట్టడమే. మా తాతకు వేటమాంసం కూర పక్కన ఒక బీడీకట్ట, అగ్గిపెట్టె కూడా పెట్టేవారు.

ఇంతవరకు నేను చెప్పింది తీపి భాగం. నమ్మకం అన్నం పెట్టిన చేతితోనే విస్తరి ముందు నుంచి మనిషిని లేపింది కూడా. నాకు పదేళ్లప్పుడు ఒక ఊళ్లో ఉత్సవ భోజనాలకు నేనూ, నా బడి స్నేహితుడూ కలిసి వెళ్లి పక్కపక్కన కూర్చున్నాము. ఆకులు వేశారు, నీళ్లు చల్లుకున్నాము. ఒక పెద్దమనిషి వచ్చి మా స్నేహితుణ్ణి "నువ్వు ఎవరి కొడుకువిరా?" అని అడిగి, జవాబు విని, లేచి బయట నిలబడమన్నాడు. వాడు లేచాడు. నేను లేవలేదు. ఆకలిగా ఉన్నది, చక్కెర పొంగలి వరుసలో నా దగ్గరికి వస్తున్నది. ఆ పొంగలి రుచి నాకు ఈనాటికీ గుర్తున్నది, దాని గురించి నేను ఎవరికీ గొప్పగా చెప్పలేదు.

అందుకే కొండమీద అన్నప్రసాద కేంద్రంలో కూర్చున్నప్పుడల్లా నేను అటూ ఇటూ చూస్తాను. పక్కన ఎవరు కూర్చున్నారో తెలియదు, ఎవరూ అడగరు. నిత్యాన్నదాన పథకం 1985లో నందమూరి తారక రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ప్రారంభమైంది. 2011లో వచ్చిన పెద్ద భవనానికి తరిగొండ వెంగమాంబ పేరు పెట్టారు. పాత చిత్తూరు జిల్లా తరిగొండలో పుట్టిన ఆ కవయిత్రి (1730–1817) బాల్యంలోనే భర్తను పోగొట్టుకున్నారు. అలాంటి స్త్రీలకు ఒంటిపూట భోజనం విధించి, శుభకార్యాల పంక్తికి దూరంగా ఉంచిన కాలమది. ఆవిడ కొండ చేరి యాత్రికులకు అన్నం పెట్టించారు.

మనవాళ్లకే ఈ పద్ధతి ఉన్నదనుకోకండి. గురునానక్ కాలం నుంచి సిక్కులు అందరినీ ఒకే వరుసలో నేలమీద కూర్చోబెట్టి లంగరులో వడ్డిస్తున్నారు. జైనులు దుంపలు తినరు, పెకలిస్తే మొక్కతోపాటు మట్టిలోని ప్రాణులూ పోతాయని. చిత్తూరులో నేను ఉద్యోగం చేసిన రోజుల్లో మా పక్కింటివారు రంజాన్ నెలలో మసీదు నుంచి ఉపవాసం విడిచే గంజి తెచ్చి, గిన్నెడు మాకు పంపేవారు. బియ్యం, పెసరపప్పు, మెంతులు, అల్లం వేసిన ఆ గంజి మా అవ్వ అంబలికి దూరపు చుట్టంలా ఉండేది. గిన్నెను ఖాళీగా తిరిగి పంపకూడదని మీ అవ్వ అందులో బెల్లం వేసి ఇచ్చేది.

పెరటాసి మూడో శనివారానికి మీరు వస్తామన్నారు కదా, ఆ రోజు మనింట్లో తళిగ, అంటే స్వామికి నైవేద్యం పరిచే పూజ, వేస్తున్నాము. మా చిన్నప్పుడు మగపిల్లలం నామాలు పెట్టుకుని, నామం గీసిన చెంబు పట్టుకుని "గోవిందా" అంటూ నాలుగు ఇళ్లు తిరిగి బియ్యం తెచ్చేవాళ్లం. ఎంత ఉన్నవాడైనా సరే, ఆనాడు తన ఇంటి బియ్యంతో మాత్రమే వండకూడదు. ఈసారి చెంబు చిన్నదాని చేతికి ఇస్తాను. ఆడపిల్ల ఏమిటని ఎవరైనా అంటే నాతో మాట్లాడమనండి. బియ్యప్పిండి, బెల్లం కలిపి పిండిదీపాలు చేసే పని ఇద్దరిదీ. నెయ్యి పోసి వెలిగించేదాకా వేలు నాకకూడదు. దీపం కొండెక్కిన తరువాత వత్తి చుట్టూ కొంచెం మాడి, నెయ్యి పీల్చుకున్న పిండి ఉంటుంది. దాని కోసం నేనూ మా తమ్ముడూ కొట్టుకునేవాళ్లం. మీరు ఇద్దరే కాబట్టి దీపాలు రెండు చేయమని మీ అవ్వతో ఇప్పుడే చెప్పి ఉంచాను.

ఇట్లు
మీ తాత