బాతిక్, లురిక్, తెనున్ ఏడాది పొడవునా కట్టుకోవచ్చా? నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

జకార్తాలో నాది కుట్టుపని. బాతిక్ (మైనం పెట్టి రంగద్దిన గుడ్డ), లురిక్ (చారల నూలు నేత), తెనున్ (మగ్గం నేత) లాంటి ఇక్కడి సంప్రదాయ బట్టలతో ఆఫీసుకీ, షికారుకీ, ప్రయాణాలకీ పనికొచ్చే బట్టలు కుట్టిస్తాను. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఇక్కడివాళ్ళే, ఉద్యోగాల మీద వచ్చిన మన తెలుగు కుటుంబాలు కూడా కొన్ని ఉన్నాయి. అందరి బీరువాల్లోనూ ఎవరో పెట్టిన బట్ట ఒకటి మడత విప్పకుండా ఉంటుంది, ఎందుకు కట్టుకోవట్లేదంటే చెప్పడానికి ఒక కారణం కూడా సిద్ధంగా ఉంటుంది. ఆ కారణాల్లో నిజమున్నవి తక్కువ. ఒక్కోటీ చూద్దాం.

అపోహ: ఇవి పెళ్ళిళ్ళకి, పండగలకి మాత్రమే

శుక్రవారం పొద్దున జకార్తా మెట్రో ఎక్కండి, ఎటు చూసినా బాతిక్ చొక్కాలే కనిపిస్తాయి. బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, సెక్యూరిటీ వాళ్ళు, అందరూ వేసుకుంటారు. ఇది దానంతట అదే వచ్చిన అలవాటు కాదు. 1970ల్లో జకార్తా గవర్నర్ అలీ సదికిన్ పొడుగు చేతుల బాతిక్ చొక్కాని మగవాళ్ళ ఫార్మల్ డ్రెస్సుగా ఒప్పుకున్నాక, ఈ ఉక్కపోతలో కోటూ టై లేకుండా విందుకి వెళ్ళే దారి దొరికింది. 1994లో బోగోర్‌లో అపెక్ (ఆసియా-పసిఫిక్ ఆర్థిక సహకార కూటమి) సమావేశానికి వచ్చిన దేశాధినేతలకి డిజైనర్ ఇవాన్ తిర్తా బాతిక్ చొక్కాలు తయారుచేశారు. 2009 అక్టోబర్ 2న యునెస్కో గుర్తింపు వచ్చింది, అప్పటి నుంచి ఆ తేదీ ఇక్కడ జాతీయ బాతిక్ దినం. బాలిలో అయితే 2021 నుంచి మంగళవారం ఎండెక్ అనే అక్కడి నేత గుడ్డ కట్టుకోమని ప్రభుత్వమే చెప్పింది.

వారానికో రోజు తప్పనిసరి అనడంలో ఓ చిక్కుంది, అది కాస్తా యూనిఫాం అయిపోయింది. అదే డబ్బా లాంటి చొక్కా, అదే గోధుమరంగు, సోమవారం వేసుకుంటే "ఏంటి విశేషం?" అని అడుగుతారు. దీన్ని వదిలించింది నాలాంటి వాళ్ళు కాదు, ఇరవై ఏళ్ళ పిల్లలు. కాయిన్, అంటే కుట్టని పొడవాటి గుడ్డ, దాన్ని నడుముకి చుట్టి, పైన మామూలు టీషర్టు, కింద స్నీకర్లు వేసుకుని కాఫీ షాపులకి వెళ్తున్నారు. అబ్బాయిలు కూడా. దానికి 'బర్‌కాయిన్' అని పేరు, సోషల్ మీడియాలో వెతికితే వందల కట్లు దొరుకుతాయి.

అపోహ: ఇక్కడ ఏడాదంతా ఒకటే వేడి, ఏ బట్టయినా ఒకటే

ఇది అందరికంటే ఎక్కువగా మనవాళ్ళు అంటారు. థర్మామీటర్ చూస్తే నిజమే, జకార్తాలో జనవరికీ జూలైకీ పెద్ద తేడా ఉండదు. కానీ ఇక్కడ బట్టని పాడుచేసేది వేడి కాదు, తడి. సుమారుగా మే నుంచి సెప్టెంబర్ దాకా పొడికాలం, నవంబర్ నుంచి మార్చి దాకా వానలు, ఇవి చాలవన్నట్టు మూడో కాలం ఒకటుంది, ఆఫీసు ఏసీ. బయట చెమట, లోపల వణుకు, మధ్యాహ్నం మళ్ళీ బయట వాన. ఈ మూడింటినీ ఒకే రోజులో తట్టుకునేలా డ్రెస్ అవ్వాలి.

అందుకే నేను డిజైన్ కంటే ముందు గుడ్డ చేత్తో పట్టుకుని చూడమంటాను. బాతిక్ వేసే నూలు గుడ్డని ఇక్కడ మోరి అంటారు, అందులో ప్రిమిస్సిమా అనేది సన్న నూలు, దగ్గర నేత, ఒంటికి చల్లగా ఉంటుంది. ప్రిమా దానికంటే కాస్త ముతక, కానీ రోజువారీ చొక్కాకి, ప్యాంటుకి అదే మేలు, నలిగినా తెలీదు. రేయాన్ జారుతూ అందంగా పడుతుంది, పొడికాలంలో దానికి సాటి లేదు, కానీ వానలో తడిస్తే బరువెక్కి కాళ్ళకి అతుక్కుంటుంది, ముందే నానబెట్టకుండా కుట్టిస్తే కుంచించుకుపోయి పొట్టిదైపోతుంది కూడా. పట్టు బాతిక్‌ని వానాకాలంలో మోటార్‌సైకిల్ టాక్సీ ఎక్కేవాళ్ళకి నేను కుట్టి ఇవ్వను. అడిగినా ఇవ్వను.

ఏసీ కోసం నా లెక్కలో లురిక్‌ని మించింది లేదు. క్లాటెన్, యోగ్యకర్త వైపు మగ్గాల మీద నేసే చారల నూలు గుడ్డ ఇది. ఒకప్పుడు పల్లెటూరి వాళ్ళూ, రాజమందిరంలో కొలువుచేసేవాళ్ళూ వేసుకున్న బట్ట. లైనింగ్ లేకుండా ముందు తెరిచి ఉండే పైకోటులా కుట్టిస్తే లోపల ఏ టాప్ ఉన్నా సరిపోతుంది, బయటికి రాగానే తీసి బ్యాగులో కుక్కినా ఏమీ అనదు. సుంబా దీవి ఇకత్ (నేసేముందే దారాలకి ముడులు కట్టి రంగద్దే నేత) ఇంకా మందం. దాంతో జాకెట్టో టాపో కుట్టమని అడిగేవాళ్ళుంటారు, వద్దంటాను, జకార్తాలో అది ఒంటి మీద దుప్పటే. కోటుగా కుట్టించుకుంటే మాత్రం బాండుంగ్ కొండల మీదా, జూలై ఆగస్టుల్లో పొద్దున్నే పచ్చిక మీద మంచు పేరుకునే డియెంగ్‌లోనూ హాయిగా ఉంటుంది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలకి పంపుతామని అడిగే తెలుగు తల్లిదండ్రులకి నేను చూపించేది ఇదే, చలికాలం అక్కడ ఇది నిజంగా వాడతారు.

వానాకాలానికి ఇంకో మాట. నేలదాకా జారే కాయిన్ వద్దు, చీలమండకి నాలుగు వేళ్ళ పైకి ఉండాలి. బండి ఎక్కేవాళ్ళకి నేను లోపల కులోట్ (వెడల్పు కాళ్ళ) ప్యాంటు, పైన చుట్టినట్టు కనిపించేలా ముందువైపు ఒక గుడ్డ పలక పెట్టి కుడతాను, చూసేవాళ్ళకి చుట్టుకున్న కాయిన్‌లాగే ఉంటుంది. సహజ నీలిమందు రంగు వేసిన గుడ్డయితే ముందు తడి తెల్లగుడ్డతో ఓ మూల రుద్ది చూడండి, రంగు అంటితే దానికి తెల్ల బ్యాగు జోడించకండి.

అపోహ: బాతిక్ అంటే ఆ పువ్వులూ తీగల డిజైన్

కాదు, బాతిక్ అంటే పని. మైనం ఉన్నచోట రంగు పట్టదు, ఉన్నదంతా ఆ ఒక్క సూత్రమే. చాంతింగ్ అనే చిన్న ముక్కున్న రాగి సాధనంతో వేడి మైనాన్ని చేత్తో గీస్తే తులిస్, రాగి అచ్చుతో అద్దితే చాప్. రంగులో ముంచి, ఆరబెట్టి, ఇంకో రంగు కావాలంటే మళ్ళీ మైనం పెట్టి, చివరికి మరిగే నీళ్ళలో వేసి మైనమంతా వదిలిస్తారు. మంచి తులిస్‌కి నెలలు పట్టొచ్చు. మెషీన్ మీద అదే డిజైన్ ముద్రిస్తే అది బాతిక్ బొమ్మలున్న గుడ్డ మాత్రమే, అందులో మైనం పనే లేదు.

తేడా ఎలా తెలుస్తుంది? వెనక్కి తిప్పి చూడమని అందరూ చెప్తారు, వెలిసినట్టుంటే ప్రింటు అని. ఇప్పుడు ఇది పూర్తిగా నమ్మేలా లేదు, వెనక్కి కూడా రంగు దిగే ప్రింట్లు వచ్చేశాయి. నేను చుక్కలు చూస్తాను. తులిస్‌లో ఏ రెండు చుక్కలూ అచ్చంగా ఒకేలా ఉండవు. చాప్‌లో అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు ఎక్కడో సన్నగా కనిపిస్తుంది. అంతా ఒకేలా, తప్పు లేకుండా ఉంటే అనుమానించండి. బాతిక్‌మార్క్ లేబుల్ ఉంటే ఇంకా తేలిక, తులిస్‌కి బంగారు రంగు, చాప్‌కి వెండి రంగు, రెండూ కలిపినదానికి తెలుపు.

ప్రింటు వేసుకుంటే తప్పా అంటే, నా మటుకు కాదు. పిల్లల స్కూలుకి, వానలో తిరిగే రోజుకి ప్రింటు చొక్కా చాలు. దాన్ని తులిస్ అని చెప్పి తులిస్ ధరకి అమ్మడమే మోసం.

అపోహ: ఇండోనేషియా అంటే బాతిక్, ఇంకేముంది?

చాలా ఉంది. సుమత్రాలో బతక్ ప్రజల ఉలోస్, పాలెంబాంగ్ జరీ సోంకెట్, సుంబా, ఫ్లోరెస్ దీవుల్లో పడుగుకి (నిలువు దారాలకి) ముడులు కట్టి రంగద్దే ఇకత్, బాలిలో పేకకి (అడ్డు దారాలకి) ముడులు కట్టే ఎండెక్. ప్యారిస్ కంపెనీ డియోర్ తన 2021 వసంత, వేసవి కలెక్షన్‌లో వాడింది ఈ ఎండెక్‌నే, కోటుల్లా, బ్యాగుల్లా.

పోచంపల్లి, పుట్టపాక, చీరాల వాళ్ళకి ఆసక్తి కలిగించేది మాత్రం గ్రింగ్‌సింగ్. బాలిలో తెంగనన్ అనే ఊళ్ళో నేస్తారు, పడుగూ పేకా రెండింటికీ ముందే ముడులు కట్టి రంగద్ది, మగ్గం మీద ఆ రెండూ గీతకి గీత కలిసేలా నేస్తారు. మన తేలియా రుమాలుదీ ఇదే పద్ధతి. విచిత్రం ఏంటంటే మన దగ్గరా ఎరుపు బాగా పట్టడానికి నూలుని నూనెలో, బూడిద నీళ్ళలో నానబెడతారు, తెంగనన్‌లోనూ అంతే. ఎవరి నుంచి ఎవరు నేర్చుకున్నారని నన్ను అడగకండి, కానీ రాకపోకలు మాత్రం ఉన్నాయి. డచ్చివాళ్ళు 17వ శతాబ్దం మొదట్లోనే మచిలీపట్నంలో స్థావరం పెట్టుకుని కోరమాండల్ అద్దకం బట్టలు ఈ దీవులకి తెచ్చి సుగంధ ద్రవ్యాలు కొన్నారు. సుమత్రా, జావా డిజైన్లలో ఆ జాడలు ఇప్పటికీ కనిపిస్తాయి.

అపోహ: సంప్రదాయ గుడ్డకి కత్తెర పెట్టకూడదు

సగం నిజం. అమ్మమ్మ నుంచి వచ్చిన తులిస్, పెళ్ళిలో భుజాన కప్పిన ఉలోస్, గ్రింగ్‌సింగ్, రెండు పలకలు కలిపి కుట్టిన సుంబా హింగి (మగవాళ్ళు కప్పుకునే ఇకత్), వీటిని నేను కోయను. వాటిని చుట్టుకోవచ్చు, కప్పుకోవచ్చు, రెండు చోట్ల పిన్ను పెట్టి చీర పైట లాగా వేసుకోవచ్చు. కాయిన్ సుమారు రెండున్నర మీటర్ల పొడవు, మీటరు పైచిలుకు వెడల్పు ఉంటుంది కాబట్టి కుట్టు లేకుండానే చాలా కట్లు వస్తాయి.

మీటర్ల లెక్కన దొరికే చాప్, లురిక్, మగ్గం ఎండెక్ అయితే నిర్భయంగా కోయించుకోండి, అవి అందుకే ఉన్నాయి. ఒకటి మాత్రం టైలర్‌కి గట్టిగా చెప్పాలి, బొమ్మకి తలా తోకా ఉంటాయని. గరుడ రెక్కలు, నెమళ్ళు, మేఘాలు తలకిందులుగా కుట్టిన చొక్కాలు బజార్లో బోలెడు చూస్తాను. జాగ్రత్తగా కలిపి కోస్తే గుడ్డ కాస్త ఎక్కువ పడుతుంది, పడనివ్వండి.

ఏడాదంతా కట్టుకోవాలంటే బీరువా నిండా కొనాలన్నది కూడా అపోహే. పాగీ-సోరె అని ఒక రకం ఉంది, ఒకే గుడ్డలో ఒక సగం ఒక డిజైన్, ఇంకో సగం వేరే డిజైన్. రెండో ప్రపంచయుద్ధం నాటి జపాన్ పాలనలో బట్ట కరువై ఇది బాగా వాడుకలోకి వచ్చింది. పొద్దున ఒక వైపు పైకి, సాయంత్రం రెండో వైపు. మొదటిసారి కొనేవాళ్ళకి నేను ఇదే చెప్తాను.

అపోహ: డిజైన్ నచ్చితే చాలు, ఎక్కడికైనా వేసుకోవచ్చు

వీధిలో, ఆఫీసులో, విమానంలో నిజమే, విదేశీయులు వేసుకుంటే ఇక్కడివాళ్ళు సంతోషిస్తారు కూడా. జావా వేడుకల్లో మాత్రం అడగండి. పారంగ్ డిజైన్ ఒకప్పుడు యోగ్యకర్త, సోలో నగరాల రాజకుటుంబాలకే పరిమితం, ఇప్పటికీ యోగ్యకర్త రాజమందిరంలోకి అది కట్టుకుని రావద్దంటారు. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ పారంగ్ కట్టుకోరు, గొడవలొస్తాయని నమ్మకం. వాళ్ళకి సిదోముక్తి, తల్లిదండ్రులకి త్రుంతుం. అతిథిగా వెళ్ళి త్రుంతుం కట్టుకుంటే ఎవరూ మొహం మీద ఏమీ అనరు, కానీ పెళ్ళివారు మిమ్మల్ని రెండోసారి చూస్తారు.

అపోహ: ఉతికితే పోతుంది, డ్రైక్లీనింగ్ తప్ప దారి లేదు

జావాలో బాతిక్ ఉతికేది లెరక్‌తో. మనకి అది కొత్తేమీ కాదు, కుంకుడుకాయ జాతే. ఇక్కడ లెరక్ రసం సీసాల్లో అమ్ముతారు, హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు కుంకుడుకాయలు నానబెట్టి పిసికి వడకట్టుకోండి. చల్లని నీళ్ళలో వేసి కాసేపు ఉంచి, రుద్దకుండా పైపైన ముంచి తీసి, పిండకుండా నీడలో వెనక వైపు పైకి పెట్టి ఆరేయండి. సర్ఫ్ వద్దు, వాషింగ్ మెషీన్ వద్దు. రోజువారీ చాప్ చొక్కాకి ఇంత అక్కర్లేదు, తేలికపాటి షాంపూ నీళ్ళు చాలు. ఇస్త్రీ పైన పలుచని గుడ్డ వేసి చేయాలి, పెర్ఫ్యూమ్ గుడ్డ మీద కొట్టకూడదు.

వానాకాలంలో అసలు శత్రువు బూజు. ప్లాస్టిక్ కవర్లో కట్టి పెట్టకండి, పాత కాటన్ చీరలో చుట్టి పెట్టండి, రెండు మూడు వారాలకోసారి బయటికి తీసి గాలికి ఆరేసి మడతలు మార్చండి. సోంకెట్‌ని అసలు మడతపెట్టొద్దు, జరీ విరుగుతుంది. అట్టగొట్టం దొరికితే దానికి తెల్లగుడ్డ చుట్టి, ఆ పైన సోంకెట్‌ని చుట్టండి. కర్పూరం గోళీలు పెట్టాలనుకుంటే గుడ్డకి తగలకుండా మూటలో పెట్టండి. లవంగాలూ మిరియాలూ మూటకట్టి పెట్టేవాళ్ళు కూడా ఉన్నారు. నేనైతే అవే వాడతాను, కర్పూరం వాసన పోగొట్టడానికి మళ్ళీ ఆరేయాల్సిన పని ఉండదు.