ఉబైద్ జాకానీ: అపోహలు - వాస్తవాలు

తరగతిలో పారశీక మహాకవులు సాదీ, హాఫిజ్ పేర్లు ఎత్తితే విద్యార్థులు సర్దుకుని కూర్చుంటారు. పద్నాలుగో శతాబ్దపు పారశీక వ్యంగ్యకవి ఉబైద్ జాకానీ పేరు ఎత్తితే వెనుక బెంచీల్లో ముసిముసి నవ్వులు మొదలవుతాయి. పారశీక సాహిత్యం బోధించే నాకు ఆ నవ్వు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది. దాని వెనుక ఉన్న అపోహలకు నోటితో చాలాసార్లు జవాబు చెప్పాను. ఈసారి రాసి పెడుతున్నాను.

అపోహ: ఉబైద్ బూతుకవి, అంతకు మించి ఏమీ లేదు.

బూతు ఉంది, కావలసినంత ఉంది. దాన్ని దాచి పాఠం చెప్పడం నాకు ఇష్టం లేదు. అయితే ఆయన అక్కడ మొదలు కాలేదు, అక్కడ ఆగిపోలేదు. జాకానీలు ఇరాన్‌లోని ఖజ్వీన్‌లో స్థిరపడిన అరబ్బు మూలాల కుటుంబం. అదే ఊరివాడైన చరిత్రకారుడు హమ్దుల్లా ముస్తౌఫీ 1330లో ఆ వంశం గురించి రాస్తూ, ఉబైద్ కవిత్వాన్నీ రచనలనూ మెచ్చుకున్నాడు. ఆయన వ్యంగ్య గ్రంథాల్లో ముఖ్యమైనది రావడానికి అప్పటికి ఇంకా పదేళ్లుంది. తర్వాత షీరాజ్‌లో అబూ ఇస్హాక్ ఏలుబడిలో ప్రశంసా కావ్యాలు, గజళ్లు, 1350 ప్రాంతంలో ఒక ప్రేమకావ్యం రాశారు. అదే ఊళ్లో, అదే కాలంలో హాఫిజ్ కూడా ఉన్నాడు.

అపోహ: పాండిత్యానికి రాజాదరణ దొరకక, కసితో హాస్యగాడి వేషం కట్టాడు.

ఈ కథ చెప్పినవాడు దౌలత్‌షా. అతడి కవుల చరిత్ర 1487లో పూర్తయింది. ఉబైద్ పోయి అప్పటికే నూరేళ్లు దాటింది. కథ బాగుంటుంది కాబట్టి నిలిచింది, అంతే.

అపోహ: ఆయనకు నీతి మీద నమ్మకం లేదు.

నన్ను ఎక్కువగా నొప్పించే మాట ఇదే. 1340లో రాసిన ‘అఖ్లాకుల్ అష్రాఫ్’, అంటే ‘పెద్దమనుషుల నీతి’, తెరిచి చూడండి. నసీరుద్దీన్ తూసీ వంటి పండితులు రాసిన నీతిశాస్త్రాల పద్ధతిలోనే ఇదీ నడుస్తుంది. జ్ఞానం, ధైర్యం, న్యాయం, దానం అంటూ ఒక్కో గుణానికి ఒక్కో అధ్యాయం. ప్రతి అధ్యాయంలోనూ రెండు భాగాలు. మొదటిది ‘మన్సూఖ్’: రద్దయిపోయిన మార్గం, అంటే పూర్వులు నమ్మినది. రెండోది ‘ముఖ్తార్’: ఇప్పటి పెద్దలు ఎంచుకున్న మార్గం.

దానం గురించిన అధ్యాయంలో ఒక కథ ఉంది. ఒక పెద్దమనిషి తన బానిసతో అంటాడు: “నీ డబ్బుతో కాస్త మాంసం కొని వండిపెట్టు, తిని నిన్ను విడుదల చేస్తాను.” బానిస సంబరంగా వండి తెస్తాడు. యజమాని తినవలసింది తిని, మాంసం మాత్రం మిగిల్చి తిరిగి ఇస్తాడు. మర్నాడు: “ఆ మాంసంతోనే కుంకుమపువ్వు వేసి శనగల పులుసు చెయ్యి, తాగి విడుదల చేస్తాను.” మళ్లీ అదే తంతు. మూడో నాటికి మాంసం పీలికలైపోయింది. “దాన్ని అమ్మి నెయ్యి కొని ఇంకేదైనా వండు, తిని విడుదల చేస్తాను.” అప్పుడు బానిస చేతులు జోడిస్తాడు: “అయ్యా, నన్ను ఇలాగే బానిసగా ఉండనివ్వండి. తమరికి పుణ్యం చేయాలనే ఉంటే, దేవుడి పేరు చెప్పి ఈ మాంసం ముక్కను విడుదల చేయండి!”

నీతి మీద నమ్మకం లేనివాడు ఈ కథ రాయగలడా? 1335లో ఇరాన్‌ను ఏలుతున్న ఇల్‌ఖానీ వంశపు మంగోలు పాలకుడు అబూ సయీద్ వారసుడు లేకుండా చనిపోయాడు. రాజ్యం ముక్కలైంది, దొరికినచోట దొరికినవాడు గద్దెనెక్కాడు. ఉబైద్ ఆ రోజులను కళ్లారా చూశారు. న్యాయం గురించిన అధ్యాయంలో ‘కొత్త మార్గం’ వాళ్లు చెప్పేది వినండి: చెంగిజ్‌ఖాన్ అమాయకులను నరికినందుకే రాజ్యం దక్కింది, అబూ సయీద్ న్యాయం జోలికి వెళ్లినందుకే వంశం అంతరించింది. ఊళ్లకు ఊళ్లు తగలబడటం చూసిన మనిషి గుండెమంట అది.

అపోహ: ఆ భాష, ఆ కాలం మనకు పరాయివి.

‘తారీఫాత్’ అనే చిన్న పుస్తకంలో ఆయన మాటలకు నిర్వచనాలిచ్చారు. కాజీ: అందరూ శపించేవాడు. వకీలు: నిజాన్ని అబద్ధం చేసేవాడు. పండితుడు: బతుకుతెరువు తెలియనివాడు. లోకం: ఏ ప్రాణికీ సుఖం లేని చోటు. కాజీ, వకీలు అన్న మాటలకు తెలుగువాళ్లు నిఘంటువు చూడనక్కరలేదు. మన దస్తావేజులనిండా ఉన్న మాటలే.

అపోహ: ‘మూష్ ఓ గుర్బా’, అంటే ‘ఎలుకా పిల్లీ’, ఆయన రాసిన పిల్లల కథ.

రెండు పొరపాట్లున్నాయి. ఆఖరి పద్యంలో ఉబైద్ పేరు ఉన్నా, పాత రాతప్రతుల్లో ఈ కావ్యం కనిపించదు. అందుకే ఇది ఆయనదేనా అని పండితులు సందేహించారు. నేనూ ఒట్టు పెట్టి చెప్పను. ఇక పిల్లల కథా? ఇరాన్‌లోని కర్మాన్ ఊరి పిల్లి ఒకటి పశ్చాత్తాపపడి మసీదులో కన్నీళ్లు పెట్టుకుంటుంది. మన కొంగ జపమే. ఎలుకలు పొంగిపోయి కానుకలు మోసుకొస్తాయి. పిల్లి ఒక్క దూకుతో ఐదింటిని పట్టేస్తుంది. తప్పించుకున్నవి తమ రాజు దగ్గర మొరపెట్టుకుంటాయి: ఇదివరకు ఏడాదికి ఒకటి పట్టేది,

“ఈన్ జమాన్ పంజ్ పంజ్ మీ గీరద్
చూన్ షుదే జాహిదో ముసల్మానా”

“విరాగి, భక్తుడు అయ్యాక ఇప్పుడు ఐదేసి పడుతోంది” అని. ‘పంజ్’ మన పంచ, ‘మూష్’ మన మూషికం. ‘పంజ్ పంజ్’ అని పైకి చదివితే పంజా రెండుసార్లు పడిన చప్పుడు వినిపిస్తుంది. 1353లో షీరాజ్‌ను గెలిచి మధుశాలలు మూయించిన ముబారిజుద్దీన్, అంతకుముందు కర్మాన్‌ను ఏలినవాడు. ఆ పిల్లిలో అతడిని చూసేవారు చాలామంది.

ఎలుకలు సైన్యం కూడగట్టి పిల్లిని ఓడిస్తాయి, కట్టేసి ఉరికంబం దాకా తెస్తాయి. అంతలో అది తాళ్లు తెంచుకుంటుంది. సైన్యం చెల్లాచెదురవుతుంది. పాఠానికి వేళ మించిపోయినా సరే, ఈ పద్యాలు చదవకుండా నేను పుస్తకం మూయను.