ఉచిత హోస్టింగ్: నా దగ్గరికి తరచూ వచ్చే అపోహలు, వాటి వెనకున్న వాస్తవాలు

వెబ్‌సైట్లు కట్టడం, పాడైనవాటిని బాగుచేయడం, ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చిపెట్టడం నా రోజువారీ పని. ఉచిత హోస్టింగ్ (డబ్బు తీసుకోకుండా మీ సైట్‌ను తమ సర్వర్‌లో ఉంచే సర్వీసు) గురించి అడిగితే స్పీడ్ తక్కువని, ప్రకటనలు ఎక్కువని అందరూ చెబుతారు. అవి సర్దుకుపోగలిగిన ఇబ్బందులే. నన్ను ఎక్కువగా బాధపెట్టేవి సైట్ పెద్దదయ్యాక బయటపడతాయి.

అపోహ: ముందు ఉచితంగా మొదలుపెడదాం, పెరిగాక మార్చుకోవచ్చు.

వాస్తవం: ఫైళ్లు మీతో వస్తాయి, అడ్రస్ రాదు. ఉచిత హోస్టింగ్‌లో సాధారణంగా మీకిచ్చేది వాళ్ల డొమైన్ (సైట్ అడ్రస్‌లోని పేరు) కింద ఒక సబ్‌డొమైన్, అంటే వాళ్ల పేరు ముందు మీ పేరు తగిలించిన అడ్రస్. ముందు మీ పేరున్నా ఆస్తి వాళ్లదే. రెండు మూడేళ్లు గడిచేసరికి ఎవరెవరో ఆ అడ్రస్‌కు లింకులు ఇచ్చుకుంటారు, విజిటింగ్ కార్డుల మీద అచ్చవుతుంది, గూగుల్ దాన్ని గుర్తుపట్టడం మొదలుపెడుతుంది. సొంత డొమైన్ ఉంటే సర్వర్ మారినప్పుడు ఆ పేరు ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే డీఎన్‌ఎస్ రికార్డు మార్చుకుంటే సరిపోతుంది, చూసేవాళ్లకు తేడాయే తెలియదు. సబ్‌డొమైన్ నుంచి వెళ్లిపోవాలంటే మాత్రం పాత పేజీకి వచ్చినవాళ్లను కొత్త పేజీకి పంపే 301 రీడైరెక్ట్ కావాలి. చాలా ఉచిత సర్వీసుల్లో ఆ వీలుండదు. అన్నేళ్లలో కూడబెట్టుకున్న గుర్తింపు అక్కడే ఆగిపోతుంది.

ఫైళ్లు వస్తాయన్నాను గానీ, అవీ తేలిగ్గా రావు. ఒకరి ఆరేళ్ల వ్యాసాల సైట్ ఇలాగే మార్చాల్సి వచ్చింది. కంట్రోల్ ప్యానెల్‌లో బ్యాకప్ బటన్ ఉంది. నొక్కితే డబ్బు కట్టే ప్లాన్‌కు మారమంటుంది. ఫైళ్లను ఎఫ్‌టీపీతో (సర్వర్ నుంచి ఫైళ్లు దించుకునే పద్ధతి) తెచ్చుకున్నాం. వ్యాసాలుండే డేటాబేస్ దగ్గర చిక్కుపడింది. ఎక్స్‌పోర్ట్ నొక్కిన ప్రతిసారీ సమయం చాలక సగంలో ఆగిపోయేది. వచ్చిన ఫైల్ తెరిచి కిందికి వెళ్తే, ఒక వ్యాసం వాక్యం మధ్యలో తెగిపోయి ఉంది, కొటేషన్ గుర్తు కూడా మూసుకోలేదు. ఎర్రర్ ఏదీ చూపలేదు కాబట్టి ఆయనకు తెలియలేదు గానీ, గతంలో దాచుకున్న బ్యాకప్పులూ ఇలాగే సగం సగం ఉన్నాయని అప్పుడు బయటపడింది. చివరికి ఒక్కో టేబుల్ విడిగా, పెద్ద టేబుల్‌ను 500 వరుసల చొప్పున తెచ్చుకున్నాం. రెండు రాత్రులు పట్టింది. బ్యాకప్ ఉందనుకుంటున్న ప్రతి ఒక్కరినీ నేను అడిగేది ఒకటే: దాన్ని ఎప్పుడైనా వేరేచోట పెట్టి, సైట్ తెరుచుకుంటుందో లేదో చూశారా?

అపోహ: పెద్ద కంపెనీ ఇస్తున్నదే కదా, ఎక్కడికి పోతుంది?

వాస్తవం: ఉచితంగా వెబ్ పేజీలు పెట్టుకోనిచ్చిన జియోసిటీస్ 1994లో మొదలైంది. 1999లో యాహూ కొన్నది, 2009 అక్టోబరు 26న మూసేసింది. ఆర్కైవ్ టీమ్ అనే స్వచ్ఛంద బృందం చేతనైనంత కాపీ చేసి దాచబట్టి ఆ పేజీల్లో కొన్నయినా మిగిలాయి. వెబ్ యాప్‌లు నడిపే సర్వీసు హెరోకు 2022 నవంబరు 28న ఉచిత ప్లాన్లు ఆపేసింది. డాట్ టీకే (.tk) లాంటి డొమైన్లను ఉచితంగా ఇచ్చిన ఫ్రీనోమ్ కథ ఇంకా పెద్ద పాఠం. ఆ పేర్లు నిజానికి తీసుకున్నవాళ్లవి కావు, వాడుకునే హక్కు మాత్రమే వాళ్లది. దానిపై ఫేస్‌బుక్ యజమాని మెటా దావా వేసింది, 2023లో కొత్త రిజిస్ట్రేషన్లు ఆగాయి, 2024లో డొమైన్ల వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ఫ్రీనోమ్ ప్రకటించింది.

అపోహ: నా సైట్‌లో తప్పేమీ లేదు, నాకేం భయం?

వాస్తవం: మీ పొరుగున ఎవరున్నారో మీకు తెలియదు. డబ్బు, గుర్తింపు ఏమీ అడగరు కాబట్టి పాస్‌వర్డ్‌లు కాజేసే నకిలీ (ఫిషింగ్) పేజీలు పెట్టేవాళ్లు మొదట వెతికేది ఉచిత హోస్టింగ్‌నే. ఒకే డొమైన్, ఒకే ఐపీ (సర్వర్ నంబరు) పంచుకుంటున్నప్పుడు వాళ్లకు పడ్డ మచ్చ మీకూ అంటుకోవచ్చు. మీ పేజీ తెరిచిన మనిషికి ఎర్రటి హెచ్చరిక కనిపిస్తే తప్పెవరిదో ఆరా తీయడు, వెనక్కి వెళ్లిపోతాడు. ఇక భద్రత. 2015లో 000వెబ్‌హోస్ట్ అనే ఉచిత హోస్టింగ్ సర్వీసు నుంచి 1.3 కోట్లకు పైగా ఖాతాల వివరాలు బయటికి పొక్కాయి; పాస్‌వర్డ్‌లు ఏ హ్యాషింగూ (చదవడానికి వీల్లేకుండా మార్చడం) లేకుండా మామూలు అక్షరాల్లో ఉన్నాయి.

అపోహ: అన్‌లిమిటెడ్ అని రాశారు.

వాస్తవం: ఆ మాట డిస్క్ స్పేస్ గురించి. ఫైళ్ల సంఖ్యకు, సీపీయూకు, ఒకేసారి నడిచే ప్రాసెస్‌లకు వేరే పరిమితులుంటాయి. సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ ఒక్కటి పెడితేనే ఫైళ్లు వేలల్లోకి వెళ్తాయి, అప్‌లోడ్ చేసిన ప్రతి ఫొటోకూ నాలుగైదు సైజులు పుడతాయి. జనం ఎక్కువగా వచ్చిన రోజే పరిమితి దాటిందని చెప్పే 508 ఎర్రర్ కనిపిస్తుంది. మరికొన్నిచోట్ల ఎవరూ రాకపోతే సర్వర్ నిద్రపోతుంది. రెండర్ అనే హోస్టింగ్ సర్వీసు ఉచిత ప్లాన్‌లో 15 నిమిషాలు ఖాళీగా ఉంటే చాలు, ఆ తర్వాత వచ్చిన మొదటి మనిషి అది లేచేదాకా ఎదురుచూడాలి.

అపోహ: ఉచితమైతే ఎస్‌ఎస్‌ఎల్ (సైట్‌కూ చూసేవాళ్లకూ మధ్య డేటాను రహస్యంగా ఉంచే సర్టిఫికెట్) ఉండదు.

వాస్తవం: పాత మాట. 2015లో ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వచ్చాక సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టాల్సిన పని తప్పింది.

అపోహ: అయితే ఉచిత హోస్టింగ్ ముట్టుకోకూడదు.

వాస్తవం: అలా అనను. నేర్చుకోవడానికి, ప్రయోగాలకు, డేటాబేస్ అక్కర్లేని స్టాటిక్ సైట్లకు నేనే సిఫారసు చేస్తాను. గిట్‌హబ్ పేజెస్ అనే ఉచిత సర్వీసులో 1 జీబీ వరకు సైట్ పెట్టుకోవచ్చు, నెలకు 100 జీబీ దాకా బ్యాండ్‌విడ్త్ (చూసేవాళ్లకు వెళ్లే డేటా) ఉంటుంది, సొంత డొమైన్ కూడా తగిలించుకోవచ్చు. ఆన్‌లైన్ వ్యాపారం నడపడానికి మాత్రం దాని నిబంధనలు ఒప్పుకోవు. హోస్టింగ్ ఉచితమైనా ఫర్వాలేదు, డొమైన్ మాత్రం డబ్బు కట్టి మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో తీసుకోండి.

ఇప్పటికే సబ్‌డొమైన్‌లో ఉన్నవాళ్లు కొత్త సైట్ రాగానే పాత ఖాతా మూసేయకండి. పాత పేజీల్లో, అసలు పేజీ ఏదో గూగుల్‌కు చెప్పే కానానికల్ ట్యాగ్‌ను కొత్త అడ్రస్‌కు పెట్టండి, ప్రతి పేజీ పైన కొత్త పేజీ లింక్ ఇవ్వండి, కనీసం ఏడాదైనా ఉంచండి. చాలాకాలం లాగిన్ కాని ఖాతాలను తొలగించే సర్వీసులున్నాయి కాబట్టి ఆ ఏడాదంతా నెలకోసారి లాగిన్ అవుతూ ఉండండి.