పెట్రోలు బండికి సారా అలవాటు చేస్తే

మా పాత స్కూటర్ ఎండాకాలంలోనూ చోక్ లాగితే తప్ప స్టార్ట్ కాని స్థితికి వచ్చాక, వీధి చివరి మెకానిక్ దగ్గరకు తోసుకుంటూ వెళ్లాను. అతను ప్లగ్గు విప్పి నా ముందు పెట్టాడు. దాని కొన సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. "గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అవుతోంది సార్. కొత్త పెట్రోలుకు ఈ జెట్ చాలడం లేదు" అన్నాడు. నూటికి ఇరవై పాళ్లు ఇథనాల్, అంటే సారాలో ఉండే ఆల్కహాలే, కలిసిన ఈ20 పెట్రోలు గురించి నేను చదివిన సంగతులన్నీ అతని రెండు మాటల్లో ఉన్నాయి.

కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. కిలో ఇథనాల్‌కు 9 కిలోలు చాలు, ఎందుకంటే దాని బరువులో మూడో వంతుకు పైగా ఆక్సిజన్ దాని అణువులోనే ఉంది. వంటింటి లెక్కలో చెప్పాలంటే పెట్రోలు పాత బియ్యం, ఇథనాల్ కొత్త బియ్యం. పాత బియ్యానికి ఎసరు ఎక్కువ పడుతుంది, కొత్త బియ్యానికి తక్కువ. ఇంజన్‌లో గిన్నె మారదు, ఎసరూ మారదు. సిలిండర్ ఎంత గాలి పీల్చాలో అంతే పీలుస్తుంది. కాబట్టి బియ్యం మారినప్పుడు ఇంకో గుప్పెడు ఎక్కువ వేయాలి. వేయకపోతే మిశ్రమం పలచబడి మంట వేడెక్కుతుంది, ఇంజన్ తడబడుతుంది, ప్లగ్గు తెల్లబడుతుంది. పెట్రోలు బండిని ఇథనాల్‌కు మార్చడమంటే ముందుగా చేయాల్సింది ఈ గుప్పెడు కొలవడమే.

ఈ20కి ఆ గుప్పెడు సుమారు 8 శాతం. కార్బొరేటర్‌లో ఇంధనాన్ని కొలిచి పోసేది మెయిన్ జెట్ అనే చిన్న ఇత్తడి ముక్క. నా స్కూటర్ జెట్ మీద 98 అని ఉంది, అంటే రంధ్రం వ్యాసం 0.98 మిల్లీమీటర్లు. మెకానిక్ డబ్బాలో వెతికి 102 తీశాడు. తేడా తల వెంట్రుక మందం కూడా లేదు. కానీ ఇంధనం వెళ్లేది రంధ్రం వైశాల్యాన్ని బట్టి కనుక, 98 వర్గాన్నీ 102 వర్గాన్నీ పోల్చి చూస్తే పెరుగుదల దాదాపు 8 శాతం. అతను లెక్క వేయలేదు, చేతి వాటంతో తీశాడు.

కార్బొరేటర్‌కు బదులు కంప్యూటర్ చెప్పినంత ఇంధనాన్ని ఇంజెక్టర్‌తో చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ బండికి ఈ అవస్థ లేదు. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ మిగిలిన గాలిని వాసన చూసినట్టు చూసి కంప్యూటర్‌కు చెబుతుంది, అది ఇంజెక్టర్‌ను కాస్త ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. ఈ సర్దుబాటుకు మామూలుగా 20, 25 శాతం దగ్గర హద్దు ఉంటుంది. 85 పాళ్లు ఇథనాల్ ఉన్న ఈ85 పోస్తే ఇంధనం 40 శాతం ఎక్కువ కావాలి, అక్కడ కంప్యూటర్ చేతులెత్తేస్తుంది. ఆ లోటు పూడ్చడానికే మార్పిడి కిట్లు వచ్చాయి. ఇంజెక్టర్‌కూ కంప్యూటర్‌కూ మధ్య కూర్చుని, ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయాన్ని ఇంకొంత సాగదీసే చిన్న పెట్టె అది. ఫ్రాన్స్‌లో 2017 డిసెంబరులో ఇలాంటి పెట్టెలకు చట్టబద్ధమైన ఆమోదం దొరికింది. మన దగ్గర ఇంధనం రకం మార్చాలంటే రవాణా శాఖ అనుమతి, ఆర్‌సీలో నమోదు ఉండాలి.

ఈ పని దేశం మొత్తం మీద చేసి చూసింది బ్రెజిల్. 1973 చమురు సంక్షోభం తర్వాత, 1975లో అక్కడి ప్రభుత్వం ప్రో-ఆల్కూల్ పథకం తెచ్చింది. చెరకు దండిగా ఉంది, చమురు చాలినంత లేదు. 1979లో పూర్తిగా ఇథనాల్ మీద నడిచే ఫియట్ 147 కారు అమ్మకానికి వచ్చింది. బ్రెజిల్ వాళ్లు తాగే చెరకు సారా పేరు కషాసా. కారు వెనక అదే వాసన రావడంతో జనం దానికి 'కషాసిన్యా' అని, అంటే బుల్లి సారా అని, ముద్దుపేరు పెట్టారు.

ఆ కార్ల కోసం జెట్లు మార్చితే సరిపోలేదు. అక్కడ బంకుల్లో పోసేది నూటికి ఐదు పాళ్ల వరకు నీరున్న ఇథనాల్. అది కార్బొరేటర్ లోహాన్ని తినేయడంతో నికెల్ పూత వేశారు. ట్యాంకులకు పూత మార్చారు, రబ్బరు పైపులు మార్చారు. చలి మరో తలనొప్పి. సుమారు 15 డిగ్రీల కంటే చల్లబడితే ఇథనాల్ నుంచి మంట అందుకునేంత ఆవిరి రాదు. అందుకే బానెట్ కింద చిన్న పెట్రోలు ట్యాంకు పెట్టి, పొద్దున్నే దాని నుంచి నాలుగు చుక్కలు పోసి స్టార్ట్ చేసేవారు. మనకు ఈ20లో పెట్రోలు పాలే ఎక్కువ కాబట్టి, లంబసింగి చలిలో కూడా ఈ బెడద అంతగా ఉండదు.

అసలు కిటుకు వేరే ఉంది. ఇథనాల్ ఆక్టేన్ సంఖ్య 108 దగ్గర ఉంటుంది, అంటే పెట్రోలు కంటే గట్టిగా నొక్కినా ముందే పేలదు. ఆవిరయ్యేటప్పుడు, కిలోకు కిలో చూస్తే, పెట్రోలు కంటే రెట్టింపుకు పైగా వేడిని లాగి లోపలికి వచ్చే గాలిని చల్లబరుస్తుంది. బ్రెజిల్ ఇంజనీర్లు కంప్రెషన్ నిష్పత్తిని, అంటే సిలిండర్‌లో మిశ్రమాన్ని ఎన్నో వంతుకు నొక్కుతారన్న లెక్కను, 8 దగ్గర నుంచి 11, 12 దాకా పెంచి ఈ గుణాన్ని పిండుకున్నారు. జెట్ మాత్రమే మార్చిన నా స్కూటర్‌కు ఆ భాగ్యం లేదు. దానికి ఇథనాల్ కష్టాలన్నీ వస్తాయి, సుఖం రాదు. మార్పిడి గురించి గొప్పలు చెప్పేవారు దాటవేసే ముక్క ఇదేనని నా అభిప్రాయం.

మైలేజీ సంగతి కూడా అంతే. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే, లీటరు ఇథనాల్‌లో 21. ఈ20లో కలిపి చూస్తే దాదాపు 7 శాతం తక్కువ. నీతి ఆయోగ్ 2021 నివేదిక, ఇథనాల్ లేని పెట్రోలు కోసం తయారై ఈ10కి సర్దుబాటు చేసిన కార్లలో 6-7 శాతం తగ్గుదల ఉంటుందని చెప్పింది. బ్రెజిల్ డ్రైవర్లకు ఈ లెక్క కంఠతా వచ్చు. ఇథనాల్ ధర పెట్రోలు ధరలో 70 శాతం లోపు ఉంటేనే పోయిస్తారు. 1989లో చక్కెర ధర పెరిగి మిల్లులు అటు మళ్లాక ఇథనాల్ కోసం బంకుల ముందు వరుసలు కట్టాల్సి రావడం వారికి మంచి గుణపాఠం. రెండింటితోనూ నడిచే ఫ్లెక్స్ కారు, ఫోక్స్‌వాగన్ గోల్, 2003లో వచ్చాక గాని వారికి ఊరట దొరకలేదు.

నీటి సంగతి చెప్పాలి. కొలగాజులో 10 మిల్లీలీటర్ల నీరు పోసి, దాని మీద 90 మిల్లీలీటర్ల ఈ20 పోసి ఊపి నిలబెడితే, కాసేపటికి అడుగు పొర పదో గీత దగ్గర ఆగదు, ఇరవై దాటిపోతుంది. నీరు పెరగలేదు, పెట్రోలులోని ఇథనాల్ నీటిలోకి దిగిపోయింది. వానాకాలమంతా కదలని బండి ట్యాంకులోకి నీరు చేరితే జరిగేదీ ఇదే. పైపు అడుగు నుంచే లాగుతుంది కనుక కార్బొరేటర్‌కు ముందు చేరేది ఆ నీళ్ల సారా.

నా స్కూటర్‌కు కొత్త జెట్‌తో పాటు ఉబ్బి మెత్తబడిన పెట్రోలు పైపు, ఫిల్టర్ మార్చాడు మెకానిక్. ట్యాంకు గోడలకు పేరుకున్న పాత జిగురును ఇథనాల్ కడిగేస్తుంది, అది వచ్చి ఫిల్టర్‌లో పడుతుంది. "నెల తర్వాత ఇంకోసారి మార్చండి" అన్నాడు. వంద కిలోమీటర్లు నడిపాక ప్లగ్గు విప్పి చూశాను. కొన కాఫీపొడి రంగులో ఉంది. మైలేజీ మాత్రం వెనక్కి రాలేదు.