టిఫిన్ హోటల్లో బొమ్మలు వేయబోయే పిల్లలకు

విజయనగరం.

చిరంజీవులకు ఆశీస్సులు.

ఈ సెలవుల్లో టిఫిన్ హోటల్లో కూర్చుని, తినేవాళ్లనీ వడ్డించేవాళ్లనీ చూస్తూ నీటిరంగుల్లో బొమ్మలు వేస్తామన్నారు. సంతోషం. మీరు రాసి పంపిన ప్రశ్నల్లో ఒకటి మాత్రం నాలుగు చేతిరాతల్లో కనిపించింది: "బొమ్మ సగంలో ఉండగా మనిషి లేచిపోతే ఏం చెయ్యాలి తాతయ్యా?" ముందు దాని సంగతి చూద్దాం.

లేచిపోతారు, అందులో అనుమానం లేదు. ఇడ్లీ తినేవాడు పది పన్నెండు నిమిషాలు కూర్చుంటాడు. టీ తాగేవాడు నాలుగు నిమిషాలు కూడా ఉండడు. కాకపోతే హోటల్లో ఎవరూ కొత్త పని చెయ్యరు. ముక్క తుంచుతారు, పచ్చడిలో అద్దుతారు, నోట్లో పెట్టుకుంటారు, నములుతూ వీధి వైపు చూస్తారు, మళ్లీ ముక్క తుంచుతారు. పోయిన భంగిమ అర నిమిషంలో తిరిగొస్తుంది. అందుకని ఒక పేజీలో ఒక్క బొమ్మ మొదలుపెట్టకండి. అదే మనిషివి మూడు నాలుగు చిన్న బొమ్మలు, ఒక్కోటి మీ అరచేతిలో సగమంత, పక్కపక్కన మొదలుపెట్టండి. ఒకటి తుంచేటప్పటిది, ఒకటి తినేటప్పటిది, ఒకటి వీధి చూసేటప్పటిది. అతను ఏ భంగిమలోకి వస్తే మీ పెన్ను ఆ బొమ్మ మీదికి వెళ్లాలి. కదిలాడని రబ్బరు తియ్యొద్దు. అసలు రబ్బరు ఇంట్లో పెట్టి రండి.

అప్పటికీ లేచిపోతే, అదే కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. ఉదయం ఎనిమిదింటికి మన ఊరి హోటళ్లలో కుర్చీ చల్లబడే తీరిక ఎక్కడిది? కాళ్లు, కుర్చీ, బల్ల కింద సంచీ ఆ రెండోవాడివి తీసుకోండి. మొదటివాడు బక్కగా, రెండోవాడు లావుగా ఉంటే భుజాల దగ్గర మాత్రం అతుకు పెట్టకండి, అక్కడ మోసం దాగదు. మోకాళ్ల దగ్గర దాగుతుంది.

అందరికంటే మంచి మోడల్ పెనం ముందున్న మాస్టారు. కదలడని కాదు, కదిలిన ప్రతిసారీ ఒకేలా కదులుతాడని. నీళ్లు చల్లడం, చీపురుతో తుడవడం, గరిటెడు పిండి పోసి సుడి తిప్పడం, నూనె వెయ్యడం, అట్లకాడతో అంచు లేపడం. పెద్ద పెనం మీద వరసగా అయిదారు దోసెలు పోస్తాడు కనక సుడి తిప్పే చెయ్యి నిమిషంలోనే అయిదారుసార్లు మీ కళ్ల ముందుకొస్తుంది. మొదటి దోసెకి వీపు గీత. రెండోదానికి భుజం నుంచి మోచేతి దాకా. మూడోదానికి మోచేతి నుంచి గరిటె దాకా. నాలుగోదానికి తల ఎంత వంగిందో. చెయ్యిని జాగ్రత్తగా చూడండి: గరిటె గుండ్రంగా తిరుగుతుంది గానీ మణికట్టు దాదాపు బిగిసే ఉంటుంది, తిరిగేది మోచెయ్యి. పిల్లలు వేసిన దోసె మాస్టారి బొమ్మల్లో చెయ్యి విరిగినట్టు కనిపించేది ఇందుకే, మణికట్టు దగ్గర వంపు పెట్టేస్తారు. ఎడమ చేతిలో పిండి గిన్నె ఉంటే ఆ భుజం కిందికి దిగుతుంది, కుడి భుజం లేస్తుంది. ఆ ఏటవాలు గీత ఒక్కటి సరిగ్గా పడితే ముఖం లేకపోయినా అది దోసె మాస్టారే అని ఎవరైనా చెబుతారు.

ముఖం పోలిక కోసం పట్టుపట్టకండి. మన విజయనగరం చిత్రకారుడు అంట్యాకుల పైడిరాజు గారి పల్లెటూరి ఆడవాళ్ల బొమ్మలు చూసే అవకాశం వస్తే, ముఖాలు వదిలేసి మెడ వంపూ నడుం వాలూ చూడండి. అప్పుడు అర్థమవుతుంది నేనేమంటున్నానో.

ఇక గది. నలుగురిని ఒకే బొమ్మలో పెట్టగానే ఒకడు గాలిలో తేలతాడు, ఇంకొకడు నేలలో పాతుకుపోతాడు. దీనికి మందు ఒక్క గీత. మీరు కుర్చీలో కూర్చుంటే మీ కంటి ఎత్తు నేల నుంచి సుమారు 110 నుంచి 120 సెంటీమీటర్లు. ఆ ఎత్తులో పేజీకి అడ్డంగా లేతగా ఒక గీత గియ్యండి. కూర్చున్న పెద్దవాళ్లందరి కళ్లూ, ఎదురు బల్ల వాళ్లవైనా గది చివరి గోడ పక్క వాళ్లవైనా, దాదాపు ఆ గీత మీదే ఉంటాయి. దూరంగా ఉన్నవాళ్ల తల చిన్నదవుతుంది, కాళ్లు పైకి జరుగుతాయి, కన్ను మాత్రం గీత వదలదు. నిలబడ్డ సర్వరుకి అదే గీత ఛాతీ మీదుగా పోతుంది, ఎంత దూరంలో నిలబడ్డా సరే. అమ్మ ఒళ్లో కూర్చున్న పసివాడూ, బల్లకి గడ్డం ఆనించి పూరీ కోసం చూసే గుంటడూ గీత కింద ఉంటారు. బల్లల పైభాగాలు గీతకి కిందే కనక అవి సన్నటి పలకల్లా కనిపించాలి. పళ్లెం గుండ్రంగా ఉంటుందని మీ బుర్రకి తెలుసు కాబట్టి చెయ్యి గుండ్రంగానే గీసేస్తుంది, ఆ వెంటనే బల్ల మీవైపు ఒరిగి సాంబారంతా ఒలికిపోయేలా తయారవుతుంది. దూరంగా ఉన్న పళ్లేన్ని కోడిగుడ్డు కంటే పల్చగా, గారె నొక్కినట్టు గియ్యండి.

కొలత ఒక్కటి గుర్తుంటే చాలు. నిటారుగా కూర్చున్న మనిషి, కుర్చీ మీంచి నడినెత్తి దాకా, దాదాపు నాలుగు తలల పొడవు. వంగి తింటుంటే మూడున్నరకి వచ్చేస్తాడు.

సరంజామా తక్కువుండాలి. అరచేతులు రెండూ పరిచినంత పుస్తకం, ఏ ఫైవ్ అంటారు, చాలు. కాగితం 300 జీఎస్ఎమ్, అంటే చదరపు మీటరుకి 300 గ్రాముల బరువుండే మందపాటిది, అయితే తడికి పెద్దగా ఉబ్బదు. మామూలు డ్రాయింగు పుస్తకమే ఉంటే పేజీ అంతా తడపకుండా మనుషులకే రంగు వేసి, గోడలు గీతల్లో వదిలెయ్యండి. పెన్ను సంగతి: బాల్ పెన్ గీత మీద నీళ్లు పడినా చెదరదు, చాలా జెల్ పెన్నులు కరిగి ముఖమంతా నీలం చేసేస్తాయి. ముందు రోజు రాత్రి ఒక ముక్క మీద గీసి, తడిపి చూసుకోండి. ఎనిమిదో నంబరు గుండ్రటి కుంచె ఒకటి, మొన సరిగ్గా నిలబడేది. పాత నూలు గుడ్డ. మూత బిగుతుగా ఉండే చిన్న సీసాలు రెండు: ఒకటి కుంచె కడగడానికి, రెండోది మంచినీళ్లకి. హోటలు గ్లాసులో కుంచె ముంచొద్దు. కొన్ని రంగుల్లో ఒంటికి పడనివి ఉంటాయి, ఆ గ్లాసుతో ఇంకొకరు నీళ్లు తాగుతారు.

ట్యూబులు నాలుగు: ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), బర్న్ట్ సియెనా (ఎర్రటి గోధుమరంగు), క్రిమ్సన్ (ముదురు ఎరుపు), అల్ట్రామెరైన్ బ్లూ (ముదురు నీలం). నలుపు తేవద్దు. పెట్టెల్లో ఒంటిరంగు పేరుతో వచ్చే గులాబీ రంగు అసలే వద్దు, అది ఇక్కడ ఎవరి ఒళ్లూ కాదు. మన ఒంటిరంగులన్నీ బర్న్ట్ సియెనాలోంచి వస్తాయి. నీళ్లు ఎక్కువ కలిపి కాస్త ఆకర్ చేరిస్తే చామనఛాయ. అదే సియెనా చిక్కగా తీసుకుని, దానికి సగం అల్ట్రామెరైన్ కలిపితే ఎండలో తిరిగే రిక్షా అన్న రంగు. రెండూ సమానంగా కలిస్తే జుట్టుకి సరిపోయే నలుపు. నీలం పాలు పెంచి నీళ్లు పోస్తే స్టీలు గ్లాసుల బూడిద. రెండే ట్యూబుల్లో ఇన్ని ఉన్నాయి. క్రిమ్సన్ చెవి తమ్మెలకీ, ముక్కు కొనకీ, వేళ్ల కణుపులకీ ఒక్కో చుక్క.

నల్లటి ఒంటి మీద మెరుపుకి తెల్ల రంగు పెట్టేస్తారు చాలామంది. పెనం దగ్గర చెమట పట్టిన నుదురు చూడండి: వీధి గుమ్మం వైపున్న మెరుపు కాస్త నీలంగా ఉంటుంది, అది ఆకాశం వెలుగు. మంట వైపుది నారింజగా ఉంటుంది. అంచేత ముందే అక్కడ లేత నీలం, లేత ఆకర్ పూసి ఆరనిచ్చి, చుట్టూ గోధుమరంగు వేసుకురండి. మెరుపుని మిగల్చాలి, తర్వాత అంటించకూడదు.

వేసే వరస ఇది. పెన్నుతో గీత రెండు నిమిషాలు. కళ్లు సగం మూసి చూస్తే గది రెండుగా విడిపోతుంది, వెలుగొకటి, నీడొకటి. నీడలన్నీ, జుట్టూ మెడ కిందా బల్ల కిందా కలిపి, ఒకే పూతగా వెయ్యండి. మనిషి నీడ కుర్చీ నీడలో కలిసిపోతే కలవనివ్వండి, విడివిడిగా అంచులు దిద్దితే అట్టబొమ్మలు అవుతారు. అది పూర్తిగా ఆరాక ఒంటిరంగులు, బట్టలు. చివర చిక్కటి చుక్కలు: కనుబొమ్మ, ముక్కురంధ్రం, చొక్కా జేబులో పెన్ను. మూడు పూతలు దాటితే కాగితం మీద రంగు లేచి బురద అవుతుంది. నీటిరంగు ఆరితే తేలిపోతుంది కాబట్టి తడిమీద ఒక మెట్టు ముదురుగానే వెయ్యాలి.

ఆరడం దగ్గరే సగం బొమ్మలు పాడవుతాయి. సగం ఆరిన పూత మీద తడి కుంచె తగిలితే నీరు రంగుని తోసేసి, అంచుల్లో కాలీఫ్లవర్ పువ్వులాంటి మరక చేస్తుంది. ఇడ్లీ పాత్ర పక్కన కూర్చుంటే ఆవిరికి ఎంతసేపటికీ ఆరదు, వానాకాలంలో మరీను. ఫ్యాను కింద కూర్చుంటే రెండు మూడు నిమిషాల్లో ఆరిపోతుంది, కానీ మీరు మెత్తగా కలుపుదామనుకున్న చోట గట్టి అంచు కట్టేస్తుంది. ఫ్యానుకి ఒక బల్ల అవతల కూర్చోవడం నయం. ఆరిందో లేదో వేలితో నొక్కి చూడొద్దు, పేజీని పక్కకి వంచి చూడండి, తడి మెరుస్తుంది.

ఇంకో ముఖ్యమైన విషయం నూనె. మైసూరు బజ్జీ తిన్న చేత్తో పేజీ తిప్పితే ఆ వేలిముద్రల మీద నీటిరంగు అంటదు, చుక్కలుగా విడిపోతుంది. దాన్ని సరిచేసే ఉపాయం లేదు. ముందు తినండి, సబ్బుతో చేతులు కడుక్కోండి, తర్వాత సంచీ విప్పండి.

స్టీలు గ్లాసుకి భయపడతారు, నిజానికి అదే తేలిక. నిలువుగా ఒక సన్నటి చార తెల్ల కాగితం వదలండి, దాని పక్కనే అంత ముదురు చార, ఆ పక్కన గ్లాసు చుట్టూ ఉన్న రంగులు, అంటే బల్ల, పట్టుకున్నవాడి చొక్కా, నిలువు చారలుగా. చారలు కలిపి రుద్దితే అది మట్టి ముంత అవుతుంది. కొబ్బరి పచ్చడికీ ఇడ్లీకీ కాగితం తెలుపే, కింద వైపు నీలిబూడిద నీడ. ఆ తెలుపుల పక్కన అల్లం పచ్చడి చుక్క పడితే పళ్లెం పళ్లెంలా ఉంటుంది.

ఫోన్లో ఫోటో తీసుకుని ఇంట్లో వేస్తామంటారేమో. దగ్గర నుంచి తీసిన ఫోటోలో ముందున్న చెయ్యి తల కంటే పెద్దదవుతుంది, బల్ల కింద నీడంతా ఒకే నలుపు ముద్దవుతుంది. పైగా అది రెండు భంగిమల మధ్య చిక్కుకున్న క్షణం, కంటికి ఎన్నడూ ఆగి కనిపించనిది. 1888లో ఫ్రాన్సులో ఆర్ల్ అనే ఊళ్లో రాత్రంతా తెరిచి ఉండే కాఫీ హోటలుని వేయడానికి వాన్ గో అనే చిత్రకారుడు మూడు రాత్రులు అక్కడే మేలుకుని, పగళ్లు నిద్రపోయాడు. మిమ్మల్ని మేలుకోమనడం లేదులెండి, అమ్మలు నా మీదికి వస్తారు. మూడు ఉదయాలు ఒకే హోటలుకి, ఒకే కుర్చీకి వెళ్లండి చాలు.

వేళ చూసుకోండి. ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా జనం విపరీతం, అప్పుడు నాలుగు కుర్చీల బల్ల పట్టుకుని కూర్చుంటే గల్లా దగ్గరాయన ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. ఆ వేళ గోడవార నిలబడి పెన్ను గీతలు మాత్రం గియ్యండి. పది దాటాక కూర్చుని రంగులు. ముందుగా గల్లా ఆయన్ని అడగండి: "మావయ్యా, మూల బల్ల దగ్గర బొమ్మలు వేసుకుంటాం, జనం వస్తే లేచిపోతాం" అని. గోడకి వీపు ఆనించే చోటు ఎంచుకుంటే వెనక నుంచి తొంగిచూసేవాళ్లు తగ్గుతారు. ముందు నుంచి మాత్రం వస్తారు. "ఏటి బాబూ, నా బొమ్మేనేటి అది?" అంటారు. దాచకండి, చూపించండి. ముక్కు బాగాలేదంటే నవ్వెయ్యండి. ఎవరికైనా ఇబ్బందిగా ఉన్నట్టు తోస్తే, పైట సర్దుకున్నా, కుర్చీ తిప్పుకున్నా, అడగక ముందే పేజీ తిప్పేసి పెనం వైపు తిరగండి.

పుస్తకం మూసే ముందు పేజీల మధ్య పాత న్యూస్‌పేపరు ముక్క పెట్టండి, లేకపోతే మాస్టారి ముఖం ఎదుటి పేజీకి అంటుకుంటుంది. పేజీ మూల తేదీ, వేళ, వెలుగు ఏ వైపు నుంచి వచ్చిందో రాయండి. రెండో రోజు అదే వేళకి వెళితే అదే నీడ దొరుకుతుంది. మూడో రోజు అయ్యాక పుస్తకాలన్నీ పట్టుకుని రండి, బల్లలు వంగిన చోట్లు చూద్దాం.

ఇట్లు,
మీ డ్రాయింగు తాతయ్య